ఎవరు ఊడుస్తారు

చీలమండ విరిగింది.
పెద్ద కథేం లేదు, మూడో మెట్టు మీంచి జారాను.
కీలుంగ్‌లో వాన పడితే వార్త కాదు,
వానకి మనిషి పడినా కాదు.
నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు. సిమెంటు కట్టు, ఆరు వారాలు.
కింద స్కూటర్ల షెడ్డు షట్టరు మీద
మా మేనల్లుడు అంటించిన కాగితం:
"మెకానిక్కే రిపేరులో ఉన్నారు."

అందుకని సినిమాలు.
రోజుకి రెండు, కట్టు లోపల దురద పెడితే మూడు.

మొన్న ఒకడు పన్నెండో అంతస్తు నుంచి దూకాడు.
పందిరి చింపుకుని, చేపల బండి మీద పడి,
లేచి, చొక్కా మీది పొలుసులు దులుపుకుని
వరసగా నలుగుర్ని తన్నాడు.
కాలు కదపకుండా చప్పట్లు కొట్టాను.
పన్నెండో అంతస్తు!
నాది మూడో మెట్టు.
వాడు ఎముకలు ఏ కొట్లో కొన్నాడో కనుక్కోవాలి.

ఎదురు వాటాలో గియోక్‌లాన్ అవ్వ
సాయంత్రం అల్లం చారు తెచ్చి, గిన్నె ఖాళీ అయ్యేదాకా కూర్చుంటుంది.
రేవు పక్క హోటల్లో నలభై ఏళ్ళు గదులు తుడిచిన మనిషి.
ఆవేళ తెరమీద హాంకాంగ్ రెస్టారెంటొకటి
నిలువునా బద్దలవుతోంది.
అద్దాలు, అక్వేరియం, గొలుసుదీపం,
దీపం మీద వేలాడుతున్న విలన్ తమ్ముడు.
నేను ఊపిరి బిగబట్టాను.
అవ్వ అంది:
"ఇదంతా ఎవరు ఊడుస్తారు?"

అవ్వా, వాడు ఊరిని కాపాడుతున్నాడు.

"కాపాడుకోనీ.
తివాచీలో దిగిన గాజు ఆర్నెల్లకి గానీ పైకి రాదు.
వచ్చేది కూడా ఎవరి అరికాల్లోకో."

ఇక చూడండి, నా సరదా సర్వనాశనం.
కారు పేలితే రోడ్డు కడిగేవాడు గుర్తొస్తాడు.
పుచ్చకాయల కొట్టులోంచి బైకు దూసుకుపోతే
వెనక ఈగలు ముసురుతాయి.
హీరో నవ్వుతుంటే నేను చీపురు వెతుక్కుంటాను.

పోనీలే అని జపాన్ సీరియల్ పెట్టాను. పదకొండు భాగాలు.
మొదటి మూడింట్లో ఏమీ జరగదు.
నాలుగో దాంట్లో కూడా జరగదు, కాకపోతే మంచు పడుతుంది.
మూతపడబోయే సత్రం. తండ్రి, కూతురు.
ఒకే వంటింట్లో ఒకరినొకరు తప్పుకు తిరుగుతారు,
ఇరుకు సందులో రెండు బళ్ళలా.
అయిదో భాగంలో, రాత్రి, ఆయన
ఆమె గొడుగుకి విరిగిన ఊచ సరిచేస్తాడు.
ఏడో భాగంలో ఆమె గొడుగు విప్పుతుంది.
ఇంట్లోనే. వాన లేకుండా. విప్పి, దాని కింద నిలబడుతుంది.
అంతే.
మూడువందల మంది విలన్ల చావు కళ్ళారా చూసిన నాకు
చారు గొంతులో అడ్డుపడింది.

అవ్వకి ఏడుపు రాలేదు.
ఆ పిల్ల వసారా ఊడుస్తుంటే ముందుకు వంగి చూసింది.
"చీపురు పట్టడం రాదు.
మూలలు మాత్రం వదల్లేదు. మంచిదే."
జపనీసు ఆమెకి మూడే మాటలు వచ్చు,
అతిథుల దగ్గర నేర్చినవి:
తువ్వాలు, సబ్బు, క్షమించండి.
చివరి భాగంలో తండ్రి నోరు తెరవకముందే
మూడో మాట అవ్వ అనేసింది.

నిన్న కట్టు విప్పారు.
కాలు తెల్లగా, సన్నగా, ఎవరిదో అడిగి తెచ్చుకున్నట్టుంది.
రాత్రి మళ్ళీ పాత అలవాటే: ఛేజింగు, మార్కెట్టు, తుపాకులు.
హీరో కమలాల బండిని గుద్దేసి పోయాడు. కెమెరా కూడా వాడి వెంటే పోబోతూ
ఒక్క క్షణం ఆలస్యం చేసింది.
ఆ క్షణంలో, ఎడమ మూల,
బనీను వేసుకున్న ముసలాయన వంగి
కమలాలు ఏరుతున్నాడు.
ఎవరూ ఏరమని చెప్పి ఉండరు.

ఆపాను.
కుంటుకుంటూ వెళ్ళి ఎదురు తలుపు కొట్టాను.
అవ్వ కళ్ళజోడు పెట్టుకుని, తెర దగ్గరకి వచ్చి
చాలాసేపు చూసింది.

"బండి కింద ఇంకోటి ఉంది," అంది,
"చెప్పు ఆయనకి."